కుక్క చెవిలో చెప్పిన మాట

మా అవ్వ వాళ్ళ అవ్వకి ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో, బోడిగుట్ట కింద మూడు ఊళ్ళు ఉండేవి. సుద్దమిట్ట, కంపలపల్లె, రాళ్ళవంక. ఆ మూడు ఊళ్ళలో మనుషులకంటే గొర్రెలు ఎక్కువ. గొర్రెలుంటే కుక్కలుంటాయి. కుక్కలుంటే వాటికి జబ్బులుంటాయి. అందుకని ఆ మూడు ఊళ్ళకీ కలిపి ఒక సుంకన్న ఉండేవాడు.

ఎద్దులకి వైద్యం చేసే ఆయన వేరు. ఆయన వస్తే మంచం వాల్చేవాళ్ళు, మజ్జిగ ఇచ్చేవాళ్ళు. సుంకన్న కుక్కల వైద్యుడు. ఆయన వస్తే 'పెరట్లో ఉంది, పోయి చూడు' అనేవాళ్ళు. ఆయన పోయి చూసేవాడు. భుజాన ఒక సంచి, సంచిలో ఆకులూ వేర్లూ, అరచేతిలో పట్టే నూరుడు రాయి, ఒక ఉగ్గుగిన్నె. అవును, పసిపిల్లలకి ఉగ్గు పోసే ముక్కు గిన్నే. దాంతోనే కుక్కల నోట్లో మందు పోసేవాడు. ఆడవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు.

"నీకెంతమంది బిడ్డలు సుంకన్నా?" అనేవాళ్ళు.

"మూడు ఊళ్ళ నిండా ఉండారు కదమ్మా," అనేవాడు.

కుక్కల జబ్బులన్నిటికీ మందు తెలిసిన సుంకన్నకి ఒక జబ్బు ఉండేది. కాలు నిలవదు. మందు పోసి, చెయ్యి కడుక్కుని, పొలిమేర రాయి దాకా పోతాడు. అక్కడ ఆగుతాడు. తల గోక్కుంటాడు. వెనక్కి వస్తాడు. 'ఇంకోసారి చూసి పోతా' అంటాడు. చూసి పోతాడు. పోయి మళ్ళీ వస్తాడు. జనం తలుపు వేసుకోబోయి ఆగేవాళ్ళు, ఎట్లాగూ వస్తాడు కదా అని.

ఎందుకంత ఆరాటమంటే, కుక్కకి మాటలు రావు. మాటలు వచ్చినవాళ్ళు నిజం చెప్పరు.

సుద్దమిట్ట కరణంగారి ఇల్లాలికి కుక్క ఒకటుండేది. పొట్ట నేలకి రాసుకునేది, గడప ఎక్కలేకపోయేది. "ఏం పెడతన్నారమ్మా?" అంటే "గంజి తప్ప ఏమీ పెట్టం" అనేది ఆమె. కుక్క మూతికి అప్పటికింకా నెయ్యి అంటుకునే ఉంది. "అట్లనా," అనేవాడు సుంకన్న.

కంపలపల్లెలో ఒకాయన కుక్క కుంటుతుండేది. "ఏమైందప్పా?" అంటే "గోడ దూకింది" అనేవాడు. ఆ ఊళ్ళో కుక్క కాలు విరిగేంత గోడ ఎవరింటికీ లేదు, ఆయన చేతి కర్ర మాత్రం గట్టిది. "అట్లనా," అనేవాడు సుంకన్న.

రాళ్ళవంకలో ఒక ముసలాయన కుక్కకి గజ్జి. "ఇచ్చిన మందు రోజూ పూస్తన్నావా తాతా?" అంటే "పూయక ఏం చేస్తా" అనేవాడు. మందు పొట్లం కట్టిన ముడి కట్టినట్టే చూరులో ఉండేది. దానికీ "అట్లనా" అనేవాడు.

ఈ ముగ్గురూ కుక్క మీద ప్రేమ లేనివాళ్ళు కారు. కరణంగారి ఇల్లాలికి ఆ కుక్క కనపడకపోతే అన్నం సయించదు. అయినా మనిషి తన కుక్క గురించి ఎవరికైనా నిజం చెప్తాడు గానీ దాని వైద్యుడికి చెప్పడు. తప్పంతా తనమీదికి వస్తుందని భయం. నేను ఎవరినీ తిట్టడం లేదు, ఉన్నమాట చెప్తున్నా.

ఇక గిరెమ్మ సంగతికి వద్దాం.

గిరెమ్మ రాళ్ళవంకలో గొర్రెల కాపరి. మొగుడు పాము కరిచి పోయాడు. పోతూ ఆమెకి మూడు వదిలిపోయాడు. ఒక కంబళి, ఒక కర్ర, ఒక బూదోడు. బూదోడంటే కుక్క. బూడిద రంగుగా ఉంటాడని ఆ పేరు. మంద ఊరిది. కాసినందుకు ఆమెకి తిండిగింజలు ఇచ్చేవాళ్ళు. పగలంతా గుట్ట మీద ఆమె మాట్లాడేది బూదోడితోనే. వాడు వినేవాడు.

ఆ ఊరి మందకి రెండు కట్టుబాట్లు ఉండేవి. చచ్చి పుట్టిన గొర్రెపిల్లని కాపరి మోకాలిలోతు గొయ్యి తీసి పూడ్చి, పైన రాయి పెట్టాలి. ఇది మొదటిది. గొర్రె మాంసం రుచి చూసిన కుక్క మందలో ఉండకూడదు, దాన్ని ఊరి పక్క నీళ్ళ వంక దాటించి కర్రలతో కొట్టి చంపాలి. ఇది రెండోది. రెండోది జరగకూడదనే మొదటిది పెట్టారు పెద్దవాళ్ళు.

ఒక రోజు పొద్దున గుట్ట మీద ఒక గొర్రె ఈనింది. పిల్ల చచ్చి పుట్టింది. అదే సమయానికి మబ్బు కమ్మింది, ఉరుము ఉరిమింది, మంద చెదిరింది. గిరెమ్మ ఆ పిల్లని ఒక పొదలోకి విసిరి, 'తర్వాత పూడుద్దాంలే' అనుకుని మంద వెనక పరుగెత్తింది. మందని కూడగట్టేసరికి ఆ సంగతే మరిచిపోయింది.

బూదోడు మరిచిపోలేదు.

ఆమె చూసేసరికి పిల్ల కాళ్ళు మాత్రం మిగిలాయి. మిగిలిన ఎముకల్ని బూదోడు కరకరా నములుతున్నాడు. గిరెమ్మ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. వాడి మూతిని కొంగుతో తుడిచింది. మిగిలిన పిల్ల కాళ్ళని అప్పుడు పూడ్చింది, పైన రాయి కూడా పెట్టింది. ఇక ఆ క్షణం నుంచి కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికన్నా పోవాలనిపించేది, పోతే వెనక్కి రావాలనిపించేది.

మర్నాటికి బూదోడి నోరు మూతపడలేదు. చొంగ తీగలు తీగలుగా కారుతోంది. తిండి ముట్టడు. నీళ్ళు పెడితే మూతి పెట్టి ఉలిక్కిపడి వెనక్కి పోతాడు. ముందరి కాలితో మొహాన్ని గీరుకుంటాడు, గోడకి రాస్తాడు. అట్లాంటి కుక్కని చూస్తే ఆ మూడు ఊళ్ళలో చిన్నపిల్లవాడు కూడా ఒకటే మాట అంటాడు. పిచ్చి పట్టింది అంటాడు. గిరెమ్మకీ ఆ భయమే పట్టుకుంది. వాణ్ణి గుడిసెలో పెట్టి తలుపు వేసి, సుంకన్నకి కబురు పెట్టింది.

సుంకన్న వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"ఏం తినింది తల్లీ?"

"గంజి తప్ప ఏమీ తినలేదన్నా."

"అట్లనా," అన్నాడు. కర్రతో మందు గిన్నె లోపలికి జరిపి వెళ్ళాడు. పొలిమేర రాయి దాకా పోయాడు. వెనక్కి వచ్చాడు.

మందు గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. బూదోడు గోడకి మొహం కొట్టుకుంటున్నాడు.

"ఇది పిచ్చే అయితే నేను చేసేది ఏమీ లేదు తల్లీ. పిచ్చి కాకపోతే చేసేది ఉండాది. అది తెలియాలంటే నాకు మాట కావాల. ఏం తినింది?"

"గంజి తప్ప ఏమీ తినలేదు," అంది గిరెమ్మ. నిజం చెప్తే కట్టుబాటు వాణ్ణి చంపుతుంది. చెప్పకపోతే పిచ్చికుక్క అని జనం చంపుతారు. ఏ దారిన పోయినా కర్రలే. వాడు తప్ప ఆమెకి ఎవరున్నారు.

"అట్లనా," అన్నాడు సుంకన్న. మళ్ళీ పోయాడు. ఈసారి రాయి దాకా కూడా పోలేదు, పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"పక్కింటోళ్ళు చూసినారు. సిద్ధప్పకి చెప్పినారు. కర్రలు తీస్తన్నారు తల్లీ."

సిద్ధప్ప మంద పెద్ద. కట్టుబాటు దగ్గర కన్నకొడుకునైనా చూడడు. గిరెమ్మ తలుపుకి అడ్డంగా కూర్చుంది. అప్పుడు సుంకన్న సంచి దించి నూరుడు రాయి తీశాడు.

"నాకు చెప్పొద్దులే," అన్నాడు. "వాని చెవిలో చెప్పు. నొప్పి వానిది. పెట్టేది నువ్వు, మేపేది నువ్వు, వానికి అబద్ధం చెప్తావా? నేను అటు తిరిగి మందు నూరుకుంటా."

అటు తిరిగి కూర్చున్నాడు. గరగరా నూరడం మొదలుపెట్టాడు.

గిరెమ్మ బూదోడి మెడ చుట్టూ చేతులు వేసింది. వాడి చొంగ ఆమె భుజం మీద కారింది. చెవి దగ్గర నోరు పెట్టింది.

"నాదే తప్పు రా," అంది. "చచ్చిన పిల్లని నేను పూడ్చలేదు. పొదలో పారేసి పోతి. నువ్వు తింటివి. ఎముకలు కరకరా నమిలితివి..."

నూరుతున్న చప్పుడు ఆగింది. సుంకన్న లేచాడు.

"వాని పైదవడ పట్టుకో. కంబళి చుట్టి పట్టుకో," అన్నాడు.

చెప్పింది నిజమేనా అని అడగలేదు. ఇందాక అబద్ధం ఎందుకు చెప్పావనీ అడగలేదు. ఆ మాట అబద్ధమై, కుక్కకి పిచ్చే ఉంటే, దాని నోట్లో చెయ్యి పెట్టినవాడు బతకడు. అది ఆయనకి తెలుసు. ఆమెకీ తెలుసు. ఆయన మణికట్టు దాకా చెయ్యి పెట్టాడు.

అంగిట్లో, అటు పన్నుకీ ఇటు పన్నుకీ మధ్య, ఎముక ముక్క అడ్డంగా బిగుసుకుని ఉంది. ఒకసారి లాగాడు, రాలేదు. రెండోసారి లాగాడు, రాలేదు. మూడోసారి లాగితే ఊడివచ్చింది. ఆ నొప్పికి బూదోడు గట్టిగా కరిచాడు. తర్వాత నోరు మూశాడు, చొంగ మింగాడు, ఆ చేతినే నాకబోయాడు.

అప్పటికి వాకిట్లో కర్రల చప్పుడు. గిరెమ్మ పెరటి తడిక తోసి "పోరా, గుట్టకి పో" అంది. బూదోడు పోయాడు. సిద్ధప్ప మనుషులు లోపలికి వచ్చి చూస్తే కుక్క లేదు, సుంకన్న చేతినిండా నెత్తురు ఉంది.

అంతే. పిచ్చికుక్క సుంకన్నని కరిచిందని మూడు ఊళ్ళకీ తెలిసిపోయింది.

పిచ్చికుక్క కరిచిన మనిషిని ఊళ్ళో ఉంచరు. గుట్ట వారన పాడుబడిన గొర్రెల దొడ్డి ఉంది, నిలువెత్తు రాతి గోడలు. సుంకన్నని అందులోకి తోసి, వాకిలికి కంప అడ్డం పెట్టారు.

"దానికి పిచ్చి లేదు సిద్ధప్పా," అన్నాడు ఆయన లోపలినుంచి.

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు."

"ఎవురన్నా ఏమన్నా చెప్పినారా?"

సిద్ధప్ప వెనక గిరెమ్మ నిలబడి ఉంది. సుంకన్న ఆమె వైపు చూడలేదు.

"నాకు ఎవురూ ఏమీ చెప్పలేదు," అన్నాడు.

ఊడదీసిన ఎముక ఆయన దగ్గరే ఉంది. ఉగ్గుగిన్నెలో వేసి, గుడ్డ కట్టి, మొలలో దోపుకున్నాడు. అది చూపిస్తే ఆయన బయటికి వచ్చేవాడు. బూదోడు చచ్చేవాడు.

కాలు నిలవని మనిషిని నాలుగు గోడల మధ్య పెడితే ఏం చేస్తాడు? తిరిగాడు. ఈ గోడ దగ్గరినుంచి ఆ గోడ దాకా, ఆ గోడ దగ్గరినుంచి ఈ గోడ దాకా. గడ్డి చచ్చి బాట పడింది. పొడుగాటి కర్ర కొసకి ముంత కట్టి గంజి అందించేవాళ్ళు. కుక్కలున్నవాళ్ళు దూరంగా నిలబడి కేకేసేవాళ్ళు. "సుంకన్నా, మా కుక్క దగ్గుతా ఉండాది, ఏమియ్యాల?" "ఏం తినింది?" "గంజి తప్ప ఏమీ తినలేదు." "అట్లనా," అని, ఏదో ఆకు పేరు చెప్పేవాడు. చెప్పి మళ్ళీ తిరిగేవాడు.

గిరెమ్మ ఒకనాడు గోడ దగ్గరికి పోయింది.

"చెప్పెయ్యన్నా. నేను చెప్పిన మాట చెప్పేసి బయటికి రా."

"నాకు యాడ చెప్పినావు తల్లీ? వానికి కదా చెప్పినావు," అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. "చేతికి వాపు వచ్చింది. గుట్ట మీద నీళ్ళ దొన పక్కన ముదురాకుపచ్చ ఆకు ఉంటాది, చెట్టు మోకాలెత్తు. తెస్తావా?"

ఆమె గుట్ట ఎక్కింది. దొన దగ్గర బూదోడు ఉన్నాడు. వంగి రాతిగుంటలో నీళ్ళు తాగుతున్నాడు. తలెత్తి చూసి, తోక ఊపుకుంటూ వచ్చి మీద పడ్డాడు. ఒళ్ళు నిండాడు కూడా. గిరెమ్మ వాణ్ణి కావలించుకుని ఏడ్చింది. వాణ్ణి కిందికి తీసుకుపోతే చాలు, సుంకన్న బయటికి వస్తాడు. కానీ మరి చొంగ ఎందుకు కారిందని అడుగుతారు, ఎముక సంగతి బయటపడుతుంది. ఆకు కోసుకుని ఒక్కతే దిగింది. గోడ మీదినుంచి ఆకు విసిరి, ఆయన మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

రెండోసారి పోయింది. రాయెక్కి గోడ పైనుంచి తొంగి చూస్తే ఆయన వేళ్ళు నల్లబడి ఉన్నాయి. ఆకు తెచ్చేసరికే ఆలస్యమైపోయింది. అయినా ఆమెని చూసి, "బూదోడు నీళ్ళు తాగుతా ఉండాడా?" అని అడిగాడు. తాగుతున్నాడని చెప్పింది. "మంచిది," అని మళ్ళీ నడక మొదలుపెట్టాడు. గిరెమ్మ మళ్ళీ ఒక్కతే ఇంటికి వచ్చింది. గుడిసెలో అటూ ఇటూ తిరిగింది. ఈ గోడ దగ్గరినుంచి ఆ గోడ దాకా, ఆ గోడ దగ్గరినుంచి ఈ గోడ దాకా. అప్పుడు ఆమెకి తెలిసింది, తను దాచింది కుక్కని కాదు, తన తప్పుని.

మూడోసారి గుట్ట ఎక్కి, బూదోణ్ణి వెంటపెట్టుకుని దిగింది. పట్టపగలు, ఊరి నడివీధిన నడిచింది. జనం కర్రలు తీశారు.

"కొట్టేదేమన్నా ఉంటే నేను చెప్పేది విని కొట్టండి," అంది.

దొడ్డి దాకా నడిచింది. ఊరంతా వెనక వచ్చింది. ఒక ముంత నీళ్ళు పెట్టింది. బూదోడు ముంత ఖాళీ అయ్యేదాకా తాగాడు. పిచ్చికుక్క నీళ్ళు తాగదని అందరికీ తెలుసు, సిద్ధప్పకీ తెలుసు. తర్వాత గిరెమ్మ కింద కూర్చుంది. వాడి చెవి దగ్గర నోరు పెట్టింది. ఆరోజు గుసగుసగా చెప్పిన మాటే ఇప్పుడు ఊరంతా వినేలా చెప్పింది. పొద, చచ్చిన పిల్ల, ఎముకలు, కొంగుతో తుడిచిన మూతి, అన్నీ చెప్పింది. గోడ అవతలినుంచి ఉగ్గుగిన్నె వచ్చి సిద్ధప్ప కాళ్ళ దగ్గర పడింది. గుడ్డ విప్పితే ఎముక.

సిద్ధప్ప దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"తెలిసి కూడా చెప్పలేదేం సుంకన్నా?"

"ఆ మాట నాది కాదు," అన్నాడు సుంకన్న.

"కట్టుబాటు కట్టుబాటే గిరెమ్మా. మాంసం రుచి చూసిన కుక్క మందలో ఉండకూడదు."

గిరెమ్మ లేచింది. చేతి కర్రని ఆయన ముందు పెట్టింది.

"ఉండదు మామా. వాడు ఉండడు, నేనూ ఉండను. మందలో లేని కుక్కని చంపమని కట్టుబాటు చెప్పలేదు కదా."

సిద్ధప్ప ఆ కర్ర అందుకున్నాడు. దొడ్డి వాకిట కంప తీయడానికి మాత్రం ఎవరూ కదల్లేదు, ఇంకా భయం పోలేదు. గిరెమ్మే రెండు చేతులతో లాగింది. చేతులు గీరుకుపోయాయి. సుంకన్న బయటికి వచ్చాడు. బూదోడు పోయి ఆయన నల్లబడ్డ చేతిని వాసన చూసి, నాకాడు. అక్కడున్నవాళ్ళలో చాలామంది తల తిప్పుకున్నారు.

ఆ చెయ్యి మళ్ళీ పనికి రాలేదు. వేళ్ళు ముడుచుకుపోయాయి. నూరలేడు, ఉగ్గుగిన్నె పట్టలేడు. గిన్నె గిరెమ్మ పట్టింది. ఆయన చెప్తే ఆమె నూరేది, ఆమె పోస్తే ఆయన చూసేవాడు. ముందు సుంకన్న, వెనక గిరెమ్మ, మధ్యలో బూదోడు. మూడు ఊళ్ళూ కొన్నాళ్ళు నవ్వుకున్నాయి, తర్వాత అలవాటు పడ్డాయి.

ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా సుంకన్న అడగడం మానేశాడు. "చెవిలో చెప్పు," అని అటు తిరిగి కూర్చునేవాడు. కరణంగారి ఇల్లాలు కుక్క చెవిలో చెప్పడం మొదలుపెడితే ఒక పూట పట్టింది. అంత నెయ్యి పోసింది మరి. కంపలపల్లె ఆయన ఒక్క మాట చెప్పి, కర్ర విరిచి పొయ్యిలో పెట్టాడు.

సుంకన్న ఒక సాయంత్రం పోయాడు. రాళ్ళవంక నుంచి బయలుదేరి, పొలిమేర రాయి దగ్గర కూలిపోయాడు. ఆయన ఆగడంతో ముందుకు పోయిన గిరెమ్మ తిరిగి చూసేసరికి ఆయన ఊరివైపు మొహం పెట్టి పడి ఉన్నాడు. ఇంకోసారి చూసి పోదామని వెనక్కి తిరిగాడు. ఆమె ఆయన కళ్ళు మూసింది. మనుషుల్ని పిలవడానికి ఊళ్ళోకి పోతూ, దారిలో ముందు, ఇందాక మందిచ్చి వచ్చిన ఇంటికి పోయి కుక్కని చూసింది. ఇచ్చిన మందు పొట్లం ముడి కట్టినట్టే ఉంది. ఆమె కూర్చుని, మందు పోసి, అప్పుడు చెప్పింది సుంకన్న పోయాడని.

ఆయన్ని ఆ రాయి పక్కనే పెట్టారు. ఉగ్గుగిన్నెని గిరెమ్మ పూడ్చనివ్వలేదు. దాంతో ఇంకా పని ఉంది అంది.

ఇదంతా ఎప్పటి మాటో. ఇప్పుడు ఆ మూడు ఊళ్ళకీ మోటారు సైకిలు మీద కుక్కల డాక్టరు వస్తాడు. సూదులున్నాయి, మాత్రలున్నాయి. మొన్నీమధ్య వచ్చిన కొత్తాయన ఒక ముసలమ్మని అడిగాడట, కుక్క ఏం తినిందని. అన్నం తప్ప ఏమీ పెట్టలేదంది. మళ్ళీ అడిగాడు, అదే చెప్పింది. మూడోసారి అడగబోతే, "నువ్వు కాసేపు అట్ల తిరుగు నాయనా," అందట. ఆయనకి అర్థం కాలేదు, అయినా తిరిగాడు. వెనకాల గుసగుస మొదలైంది. అది ఆగేదాకా ఆయన వేపచెట్టుని చూస్తూ నిలబడ్డాడు. ఆ ఊళ్ళలో ఎవరి మాట మీదనైనా అనుమానం వస్తే ఇప్పటికీ అడుగుతారు, 'నాకు చెప్తున్నావా, కుక్క చెవిలో చెప్తున్నావా' అని.

ఇంకొకటి కూడా ఉంది. డాక్టరు మందు ఇచ్చి, బండెక్కి, పొలిమేర రాయి దాటి పోయినా ఆ ఇంటివాళ్ళు తలుపు వెంటనే వెయ్యరు. సుంకన్న ఇంకోసారి చూసి పోవడానికి వస్తాడని, కాసేపు తెరిచే ఉంచుతారు.